ఏ నొప్పి బాపూ?

రాత్రి రెండింటికి మా బాపు మంచం మీద లేచి కూర్చుని, కుడికాలి బొటనవేలు పట్టుకోబోయాడు. చేతికి దుప్పటి తగిలింది. అంతే. అక్కడ వేలు లేదు. పాదం లేదు. మోకాలి కింద జానెడు తర్వాత కాలే లేదు. అప్పటికి ఆపరేషన్ అయి మూడు నెలలు.

"ఏమైంది బాపూ?" అన్నాను.

"బొటనేలు మెలిపెట్టి గుంజుతాంది బిడ్డా" అన్నాడు. మరుక్షణమే సిగ్గుపడ్డట్టు మొహం తిప్పుకుని, "ఏం లేదు, పండుకో" అన్నాడు.

ఆ "ఏం లేదు" గురించే ఈ వారం.

మాది టేకుమట్ల. భూపాలపల్లి జిల్లా. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా ఊరు మండలమైంది. మండలమైనా పెద్ద జబ్బు వస్తే మాత్రం పరకాల మీదుగా వరంగల్ పోవాల్సిందే. బాపుకి పదిహేనేళ్లుగా షుగర్. రెండేళ్ల కింద, పత్తి ఏరుడు అయిపోయాక చేన్లో కట్టె పీకుతుంటే, విరిగిన పత్తి మోడు ఒకటి చెప్పులోంచి అరికాల్లో దిగింది. ఆయనకు తెలియలేదు. అవును, నిజంగానే తెలియలేదు. సాయంత్రం వాకిట్లో నెత్తురు మరకలు చూసి "ఎవల కాలు తెగింది?" అని అమ్మ అడిగితే, అందరితో పాటు బాపు కూడా తన కాలు చూసుకున్నాడు.

పసుపు పెట్టి కట్టు కట్టాం. నొప్పి లేదు కదా అని వారం గడిపాం. వాసన వచ్చాక గానీ వరంగల్ బయల్దేరలేదు. అప్పటికి పాదం నల్లబడింది. ఆలస్యం మాదే.

బాపు ఇప్పటికీ అంటుంటాడు: "మోడు గుచ్చుకున్నది, మోడైపోయిన." మాకు నవ్వు రాదు. ఆయన మాత్రం నవ్వుతాడు.

ఆ రోజు నొప్పి వచ్చుంటే కాలు మిగిలేదేమో. అప్పుడు రావాల్సిన నొప్పి రాలేదు. ఇప్పుడేమో కాలే లేదు, నొప్పి మాత్రం వస్తోంది!

లేని కాలు

మొదట నేను భయపడ్డాను. బాపుకి మతి తప్పుతోందా అనుకున్నాను. ఊళ్లో ఒకాయన "దిష్టి తీయండి" అన్నాడు. ఫిజియోథెరపిస్ట్ మేడమ్ మాత్రం ఒక్క మాటలో తేల్చేసింది: "ఇది చాలామందికి ఉంటుంది. దీనికో పేరు కూడా ఉంది."

ఆ పేరు ఫాంటమ్ లింబ్. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయిన సైనికులకు వైద్యం చేసిన సైలస్ వీర్ మిచెల్ అనే డాక్టర్ 1871లో ఆ పేరు పెట్టాడు. మన మెదడులో ఒళ్లంతటికీ ఒక పటం ఉంటుంది. పాదానికి ఇంత చోటు, చేతికి ఇంత చోటు అని. కాలు తీసేసినా పటంలో ఆ చోటు ఖాళీ అయిపోదు. తెగిన నరాల నుంచి పిచ్చి సంకేతాలు వస్తూనే ఉంటాయి. మెదడు వాటిని పాత అడ్రసుకే పంపిస్తుంది. ఇల్లు కూల్చేసినా ఉత్తరాలు వస్తున్నట్టు అన్నమాట. అంటే నొప్పి నిజం. కాలు మాత్రమే లేదు.

తమిళనాడులో పుట్టిన న్యూరాలజిస్ట్ వి.ఎస్. రామచంద్రన్ 1990ల్లో దీనికి ఒక చిత్రమైన ఉపాయం చెప్పాడు. అద్దం! మేడమ్ చూపించినట్టే, గోడకున్న నిలువుటద్దం దించి బాపు రెండు కాళ్ల మధ్య నిలబెట్టాం. మోడు అద్దం వెనక దాక్కుంది. ఉన్న ఎడమకాలు అద్దంలో కుడికాలులా కనిపించింది. "వేళ్లు ముడవండి, మెల్లగా విప్పండి" అంది మేడమ్. బాపు మొదట నవ్వాడు. పదో రోజో పన్నెండో రోజో, అద్దంలోకి చూస్తూ చూస్తూ "ముడుసుకున్న ఏలు ఇడిసినట్టయింది" అన్నాడు. ఆ రాత్రి పడుకున్నాడు.

అద్దం అందరికీ పనిచేయదు. బాపుకి కూడా అన్ని రాత్రులూ పనిచేయలేదు. మందులూ వాడాల్సి వచ్చింది. కానీ "నాకు పిచ్చి కాదు" అని తెలియడమే ఆయనకు సగం మందు.

నిలబడే కాలు

తర్వాత కృత్రిమ కాలు వచ్చింది. ఇక లేచి నడవడమే అనుకున్నాం. నడక సంగతి తర్వాత, ముందు నిలబడటమే పెద్ద పరీక్ష అని అప్పుడు తెలిసింది.

హాస్పిటల్‌లో రెండు ఇనుప కడ్డీల మధ్య నిలబెట్టేవాళ్లు. పారలల్ బార్లు అంటారు. ఇంటి దగ్గర అవి ఎక్కడివి? మా చిన్నాయన వాకిట్లో నాలుగు గుంజలు పాతి, రెండు వెదురు బొంగులు నడుమెత్తున అడ్డంగా కట్టాడు. మేడమ్ ఫొటో చూసి "ఇంకో రెండు అంగుళాలు దించండి" అంది. అయిపోయింది మా జిమ్!

ఇప్పుడు మీరు ఒక పని చేయండి. ఫోన్ పక్కన పెట్టి, మోకాలి చిప్పకు సరిగ్గా కింద బొటనవేలితో కాస్త నొక్కండి. ఏం కాలేదు కదా? ఇప్పుడు మోకాలి బయటివైపు, కొంచెం కిందకి ఒక బుడిపె లాంటి ఎముక తగులుతుంది. దాని వెనక మెల్లగా నొక్కండి. గట్టిగా వద్దు. జివ్వుమంది కదా? అక్కడ చర్మం కిందే నరం ఉంటుంది.

మోకాలి కింద కాలు పోయినవాళ్లకు పెట్టే సాకెట్, అంటే మోడును పట్టి ఉంచే గిన్నె, ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది. చిప్ప కింద స్నాయువు బరువు ఓర్చుకుంటుంది. అక్కడ బరువు పెట్టాలి. బయటి బుడిపె, ముంగాలి ఎముక అంచు, కోసిన కొస ఓర్చుకోవు. అక్కడ ఖాళీ వదలాలి. 1950ల చివర్లో అమెరికాలో, కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చారు.

మన అరికాలు పుట్టుకతోనే బరువు మోయడానికి తయారై ఉంటుంది. మందపాటి తోలు, లోపల కొవ్వు మెత్త. మోకాలి కింది చర్మానికి ఆ అలవాటు లేదు. దానికి కొత్త ఉద్యోగం నేర్పాలి. అందుకే కాలు పెట్టకముందు నుంచే రోజూ మోడును వేళ్లతో తట్టడం, మెత్తటి నూలుగుడ్డతో రుద్దడం, కొన్నాళ్లకు గరుకు టవల్‌తో రుద్దడం. తాకితేనే ఉలిక్కిపడే చర్మం మెల్లమెల్లగా ఊరుకుంటుంది.

ఇక నిలబడటం. బరువు చూసుకునే మిషన్ ఒకటి కొనమంది మేడమ్. బొంగులు పట్టుకుని, కృత్రిమ కాలు మిషన్ మీద, మంచి కాలు అంతే ఎత్తు పీట మీద. మెల్లగా బరువు వదలాలి. మొదటి రోజు ముల్లు ఆరు దగ్గర ఆగింది. బాపు బరువు 58 కిలోలు. అంటే రెండు కాళ్ల మీద సమంగా నిలబడాలంటే 29 రావాలి.

పత్తి కాంటాల దగ్గర జీవితమంతా గడిపిన మనిషి కదా, ఈ ఆట ఆయనకు నచ్చింది. సాయంత్రం ఫోన్ చేసి "ఇయ్యాల పన్నెండు తూగిన" అనేవాడు. "ఇయ్యాల పద్దెనిమిది. తరుగు తియ్యకున్రి" అనేవాడు. నేను హైదరాబాద్‌లో హాస్టల్ మెట్ల మీద కూర్చుని నవ్వేదాన్ని.

నిలబడ్డాక కాలు విప్పి మోడు చూడాలి. ఎర్రటి గుర్తులు ఉంటాయి. పది పదిహేను నిమిషాల్లో మాయమైతే ఫర్వాలేదు. మాయం కాకపోతే ఆ చోట బరువు ఎక్కువ పడుతున్నట్టు. కాలు పక్కన పెట్టి, కబురు చేయాలి. ఇదీ రూల్. రోజూ పాటించాం. ఒక్క రోజు తప్ప.

ఎదుర్కోళ్లు

పోయిన మాఘంలో అక్క పెళ్లి. మా దిక్కు పెళ్లిలో ఎదుర్కోళ్లు ఎంత ముచ్చటో మీకు తెలుసు. మగపెళ్లివాళ్లు ఊరి మొదట్లో దిగుతారు, డప్పులతో ఎదురెళ్లి తీసుకురావాలి. బాపు కొత్త ధోవతి కట్టి, చేతికర్రతో, అందరికంటే ముందు నిలబడ్డాడు. వాళ్ల బస్సు ఆలస్యమైంది. రెండున్నర గంటలు.

నేను మూడుసార్లు అడిగాను. "నొప్పుందా బాపూ?"

"ఏం లేదు బిడ్డా."

వచ్చినవాళ్లంతా ఆయన్ని చూసి "మస్తు గుండె ధైర్యం" అన్నారు. ఫొటోలు దిగారు. మా బావమరిది ఒకడు వీడియో తీసి, పాట కలిపి, "నొప్పిని గెలిచిన తండ్రి" అని స్టేటస్ పెట్టాడు. నేనూ దానికి గుండె బొమ్మ కొట్టాను. ఒప్పుకోవాలి కదా.

రాత్రి కాలు విప్పితే సాక్స్ రాలేదు. అతుక్కుపోయింది. నీళ్లతో తడిపి తీస్తే, ముంగాలి ఎముక అంచు మీద రూపాయి బిళ్లంత చర్మం లేచిపోయి ఉంది.

ఐదు వారాలు కాలు ముట్టుకోవద్దన్నారు. షుగర్ ఉన్న మనిషి మోడు మీద పుండంటే ఆట కాదు. ముదిరితే మళ్లీ పైకి కోయాల్సి రావచ్చు. మోకాలు మిగిలి ఉండటానికీ, పోవడానికీ చాలా తేడా. మోకాలుంటే చేనుగట్టు ఎక్కొచ్చు. అదీ పోతే ప్రతి అడుగుకీ రెట్టింపు కష్టం.

నాకు కోపం వచ్చింది. "మూడుసార్లు అడిగిన కదా. ఎందుకు చెప్పలే?"

బాపు నేల చూసి అన్నాడు: "చెప్తే కూసోబెడ్తరు గదా."

నాకు మాట రాలేదు. నిజమే. ఇన్ని నెలల్లో ఆయన "నొప్పి" అన్న ప్రతిసారీ మేం చేసింది ఒకటే. కుర్చీ తెచ్చాం. "కూర్చో బాపూ, ఎందుకు తిప్పలు" అన్నాం. ప్రేమతోనే అన్నాం. కానీ ఆయన నేర్చుకున్న పాఠం వేరు. నొప్పి అంటే కుర్చీ. నిలబడాలంటే నోరు మూసుకోవాలి.

పది నిమిషాల పని

పుండు మానాక కాలు తయారుచేసే వర్క్‌షాప్‌కి వెళ్లాం. అక్కడి టెక్నీషియన్ అన్న "నొప్పుందా?" అని అడగలేదు. "ఏ నొప్పి? ఎక్కడ? నిలబడంగనేనా, కాసేపైనంకనా?" అని అడిగాడు.

బాపు మొదటిసారి వివరంగా చెప్పాడు. "నిలవడంగనే కాదు. జరంత సేపైనంక. ఇగో, ఈడ. ఏలు వెట్టి ఒత్తినట్టు."

అన్న నావైపు తిరిగి "లిప్‌స్టిక్ ఉందామ్మా?" అన్నాడు. జోక్ అనుకున్నాను. ఇచ్చాను. బాపు చూపించిన చోట మోడు మీద చుక్క పెట్టి, సాకెట్ తొడిగి, నిలబెట్టి, విప్పాడు. సాకెట్ లోపల ఎర్రటి మరక. సరిగ్గా అక్కడ ప్లాస్టిక్ వేడిచేసి కొంచెం బయటికి నొక్కాడు. మోడు సన్నబడింది కాబట్టి ఇంకో పొర సాక్స్ వేసుకోమన్నాడు. పది నిమిషాలు పట్టిందంతే.

దాచినందుకు ఐదు వారాలు. చెప్పినందుకు పది నిమిషాలు. ఆ లిప్‌స్టిక్ ఇంకా నా బ్యాగులోనే ఉంది. అంత మంచి పని అది మళ్లీ చేయలేదు.

మన మాటలే మన స్కేలు

హాస్పిటల్‌లో "సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత?" అని అడుగుతారు. బాపు ఎప్పుడూ "రెండు" అంటాడు. కాలు కుళ్లిన రోజూ రెండే అన్నాడు. అంకె ఎంత ఉందో చెబుతుంది, ఏముందో చెప్పదు.

రొనాల్డ్ మెల్జాక్ అనే కెనడా సైంటిస్ట్‌కి ఈ సంగతి ముందే తట్టింది. షుగర్‌తో కాళ్లు పోయిన ఒక పెద్దావిడ తన నొప్పిని రకరకాల మాటల్లో చెబుతుంటే ఆయన రాసుకోవడం మొదలుపెట్టాడు. అలా పోగైన మాటలతో 1975లో మెక్‌గిల్ ప్రశ్నావళి తయారుచేశాడు. అందులో నొప్పికి 78 ఇంగ్లిష్ మాటలున్నాయి.

మనకేం తక్కువా? మా ఫ్యామిలీ గ్రూపులో బాపు ఇప్పుడు వాయిస్ మెసేజ్‌లు పెడతాడు. అంకెలు వద్దు, మాట చెప్పమన్నాం. కొన్ని నెలలకు మాకో నిఘంటువు తయారైంది.

"గుంజుతాంది, మెలిపెడ్తాంది" అంటే దాదాపు ఎప్పుడూ రాత్రిపూట, లేని వేళ్లలో. అద్దం బయటికొస్తుంది.

"మండుతాంది" అంటే నిలబడ్డ కాసేపటికి, ఎండాకాలం మరీ. చెమట పట్టి చర్మం రాసుకుంటోంది. విప్పి, తుడిచి, సాక్స్ మార్చాలి.

"ఒత్తుతాంది" అంటే ఒకే చోట, ఎముక మీద. సాకెట్ చూపించాలి.

"కరెంటు కొట్టినట్టు జివ్వుమంటాంది" అంటే ఒక చుక్క మీద తాకితేనే. తెగిన నరం కొస ముడిలా పెరిగి ఉండొచ్చు. డాక్టర్ చూడాలి.

"సలుపుతాంది" అంటే జాగ్రత్త. కాలు విప్పినా తగ్గకుండా, వేడిగా, వాపుతో ఉంటే రేపటి దాకా ఆగొద్దు. బండి తీయాలి.

ఇది డాక్టర్‌కు బదులు కాదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే చీటీ. ఇంకో ఇంట్లో మాటలు వేరుగా ఉండొచ్చు. మీ అమ్మమ్మ "తీపు" అనొచ్చు, మీ తాత "పోటు" అనొచ్చు. ఆ మాట వచ్చినప్పుడు ఏం కనిపించిందో గమనించి రాసుకోండి.

మా నిఘంటువులో చివరి మాట "ఏం తెలుస్తలేదు". అన్నిటికంటే మేం భయపడేది దీనికే. బాపు ఎడమపాదం ఇప్పుడు రెండు కాళ్ల పని చేస్తోంది. దానికీ షుగర్ తిమ్మిరి ఉంది. ముల్లు దిగినా నోరు విప్పదు. మోడు మీద కూడా కొన్నిచోట్ల స్పర్శ తగ్గింది. అందుకే పడుకునే ముందు అమ్మ ఫోన్ టార్చి వేసి, వేళ్ల సందులు, అరికాలు, మోడు మొత్తం చూస్తుంది. నొప్పి చెప్పని చోట కళ్లే చెప్పాలి.

1981కీ 1984కీ మధ్య

మీ అమ్మానాన్నల్ని 'మయూరి' సినిమా గురించి అడగండి. 1985లో వచ్చింది. సింగీతం శ్రీనివాసరావు తీశారు. 1981లో బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న నర్తకి సుధాచంద్రన్, జైపూర్ కాలుతో 1984లో మళ్లీ స్టేజీ ఎక్కారు. సినిమాలో తన కథను తనే నటించారు. చప్పట్లు కొట్టని ఇల్లు లేదు.

ఆ జైపూర్ కాలును 1968లో తయారుచేసినవాళ్లు ఇద్దరు: పెద్దగా చదువుకోని శిల్పి రామచంద్ర శర్మ, ఎముకల డాక్టర్ పి.కె. సేథీ. చెప్పుల్లేకుండా నడవడానికి, గొంతుక్కూర్చోవడానికి, బురదలో దిగడానికి పనికొచ్చేలా చేశారు. మనలాంటి ఊళ్ల కోసమే పుట్టిన కాలు అది.

కానీ పాదం ఎంత మంచిదైనా నొప్పి పుట్టేది పైన, సాకెట్ దగ్గర. సుధాచంద్రన్ ప్రమాదానికీ స్టేజీకీ మధ్య మూడేళ్లున్నాయి. మన రీల్‌లో ఆ మూడేళ్లు ఉండవు. ముప్పై సెకన్లలో కాలు పోతుంది, పాట వస్తుంది, మనిషి పరుగెత్తుతాడు. కింద "నొప్పిని జయించాడు" అని క్యాప్షన్. ఆ క్యాప్షన్ చూసిన మా బాపులాంటివాళ్లు ఏమనుకుంటారు? తనకింకా నొప్పి ఉందంటే తానే ఓడిపోయినట్టు అనుకుంటారు.

కాబట్టి మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటివాళ్లుంటే రెండు చిన్న పనులు చేయండి. క్యాంపులో కాలు ఇచ్చిన రోజే "మళ్లీ ఎప్పుడు, ఎక్కడికి రావాలి?" అని అడిగి రాసుకోండి. మొదటి ఏడాది మోడు సన్నబడుతూ ఉంటుంది, ఆ రోజు సరిపోయిన సాకెట్ ఆర్నెల్లకు వదులవుతుంది. రెండోది, "నొప్పుందా?" అని అడగడం మానేయండి. దానికి జవాబు ఎప్పుడూ "ఏం లేదు" అనే వస్తుంది. "ఏ నొప్పి?" అని అడగండి. చెప్పాక వెంటనే కుర్చీ లాగకండి. ముందు విప్పి చూడండి. సాక్స్ మార్చితే తీరేదేమో, సాకెట్ సవరిస్తే పోయేదేమో చూడండి. పుండుంటే కూర్చోక తప్పదు. కానీ మళ్లీ ఎప్పుడు నిలబడొచ్చో కూడా ఆ కుర్చీతో పాటే చెప్పండి.

నిన్న సాయంత్రం బాపు వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెనక డప్పు లేదు, ఎవరి చప్పట్లూ లేవు. కోళ్ల అరుపులు, అమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు.

"బిడ్డా, ఇయ్యాల ఇరవై ఏడు తూగిన. ముంగట జరంత మండుతాంది. విప్పి సూసుకున్న, ఎర్రగుండె, పోయింది. పొద్దుగాల మళ్ల నిలవడ్త."

వచ్చే వారం కలుద్దాం.